చూపంతా ఎగ్జామినర్ మీదే: ఒక నర్సు జర్మన్ స్పీకింగ్ పరీక్ష (కేస్ స్టడీ)

వచ్చిన సమస్య

గోథె సంస్థ పెట్టే బీ1 స్థాయి జర్మన్ పరీక్షలో చదవడం, వినడం, రాయడం మూడూ పాసై, మాట్లాడటం దగ్గర ఆగిపోయినవాళ్లు ట్రైనింగ్ కోసం నా దగ్గరికి తరచూ వస్తుంటారు. ఆ పరీక్షలో నాలుగు మాడ్యూళ్లు. ఒక్కోదానికి 100 పాయింట్లు, 60 వస్తే పాస్. పోయిన మాడ్యూల్ ఒక్కటే మళ్లీ కట్టుకోవచ్చు. ఈ కేసులోని అమ్మాయికి స్పీకింగ్‌లో 50 దాటాయి, 60 అందలేదు. ఖమ్మం వైపు ఊరు. బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తూ జర్మనీ ప్రయత్నాల్లో ఉంది. అక్కడ పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా తర్వాతి స్థాయి బీ2 అడుగుతారు కాబట్టి బీ1 దగ్గరే ఆగిపోతే అసలు కథ మొదలే కాదు. గుర్తుపట్టే వివరాలు మార్చాను, తన అనుమతితోనే రాస్తున్నాను.

వచ్చిన రోజు తను చెప్పిన మాట ఇది: "జర్మన్ వచ్చు మేడమ్. అక్కడ కూర్చుంటే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఐ కాంటాక్ట్ లేదని మార్కులు తీసేశారు."

అది ఎవరు చెప్పారని అడిగితే, పరీక్ష రాసొచ్చిన ఫ్రెండ్స్ అందరూ అన్నారంది. నేను మొదట చేసిన పని మార్కులు వేసే ప్రమాణాలు తన ముందు పెట్టడం. చెప్పమన్న పని పూర్తిగా చేశారా, సంభాషణ మొదలుపెట్టి, నడిపించి, ముగించగలిగారా, మాటలు ఒకదానికొకటి అతికాయా, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఇవే ఉంటాయి. కళ్లలోకి చూడటానికి ఒక గడి, నవ్వుకి ఒక గడి, నిటారుగా కూర్చున్నందుకు ఒక గడి అంటూ ఏమీ ఉండవు. ఐఎల్టీఎస్ స్పీకింగ్‌లోనూ అంతే: ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు కొలతలే. నర్సులు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీలో అయితే రోల్‌ప్లే రికార్డ్ చేసి పంపుతారు. మార్కులు వేసేవాళ్లు ఆ గదిలోనే ఉండరు.

తను కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మరి నాకెక్కడ పోయాయి?" అంది. సరైన ప్రశ్న. శరీర భాషకి విడిగా మార్కులు లేనంత మాత్రాన దానికి పరీక్షతో సంబంధం లేదని కాదు. "సంభాషణ నడిపించడం" అనే గడిలోకి అది దొడ్డిదారిన వస్తుంది.

పరిశీలన

ముందు మామూలు ప్రశ్నలు అడిగాను. వినికిడి ఎలా ఉంది, నత్తి ఉందా, చిన్నప్పటి నుంచీ ముఖాలు చూసి మాట్లాడటం ఇబ్బందా, లేక పరీక్షలోనేనా. ఇది అడక్కుండా ట్రైనింగ్ మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. వినికిడి లోపం, నత్తి, ఆటిజం లాంటివి ఉన్నవాళ్లకి కావాల్సింది ప్రాక్టీస్ కంటే ముందు పరీక్ష కేంద్రానికి డాక్టర్ కాగితంతో అర్జీ. గోథెకీ, ఐఎల్టీఎస్‌కీ ప్రత్యేక ఏర్పాట్లు అడిగే పద్ధతి ఉంది, కానీ అప్లై చేసేటప్పుడే అడగాలి. ఈ అమ్మాయికి అలాంటివేమీ లేవు. వార్డులో గలగలా మాట్లాడుతుందని పక్కనున్న ఫ్రెండ్ చెప్పింది.

తర్వాత మాక్ టెస్ట్. బీ1 స్పీకింగ్ ఇద్దరు అభ్యర్థులు కలిసి ఇచ్చేది. పావుగంట ప్రిపరేషన్, ఆ తర్వాత ఇద్దరికీ కలిపి మరో పావుగంట. మొదటి భాగంలో ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి. రెండో భాగంలో ఒక్కొక్కరు ఒక టాపిక్ మీద ఐదు స్లైడ్‌ల ఆధారంగా మాట్లాడాలి. మూడో భాగంలో పార్ట్‌నర్ ప్రెజెంటేషన్ గురించి ఒక మాట చెప్పి, ఒక ప్రశ్న వేయాలి. ఎదురుగా ఇద్దరు ఎగ్జామినర్లు ఉంటారు. ఒకరు నడిపిస్తారు, మార్కులు మాత్రం ఇద్దరూ వేస్తారు.

మేమిచ్చిన టాస్క్: క్లాస్‌మేట్ ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు, చూడటానికి ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి. ఐసీయూ నర్సుకి ఇంతకంటే తెలిసిన విషయం ఏముంటుంది! ఎగ్జామినర్‌గా నేను కూర్చున్నాను. ఫోన్‌లో వీడియో తీశాం. ఇలాంటి వీడియోని నేను రెండు రకాలుగా చూస్తాను. ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి, ఇంకోసారి ఫోన్ బోర్లా పెట్టి వింటూ.

సౌండ్ లేకుండా చూస్తే ఒక విషయం వెంటనే కొట్టొచ్చినట్టు కనబడింది. తన ఒళ్లంతా ఎగ్జామినర్ వైపే తిరిగి ఉంది. పార్ట్‌నర్ ప్రశ్న అడుగుతుంటే చెవి మాత్రం అటు పెట్టింది, జవాబు నాకు చెప్పింది. మళ్లీ పార్ట్‌నర్ అడిగింది, మళ్లీ నాకే చెప్పింది. చేతులు టేబుల్ కింద ఉన్నాయి, ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని. నేను రాసుకోవడానికి తల దించిన ప్రతిసారీ తన పెదాలు నెమ్మదించాయి. ఒకచోట వాక్యం మధ్యలోనే ఆగిపోయింది.

బోర్లా పెట్టి విన్నప్పుడు కథ ఇంకోలా ఉంది. పార్ట్‌నర్: "శనివారం సాయంత్రం వెళ్దామా?" నిశ్శబ్దం. పార్ట్‌నర్ అదే ప్రశ్న ఇంకొంచెం తేలిక జర్మన్‌లో మళ్లీ: "శనివారం నీకు వీలవుతుందా?" మళ్లీ నిశ్శబ్దం. పార్ట్‌నర్: "సరే, శనివారం. పళ్లు తీసుకెళ్దాం." విన్నవాళ్లెవరైనా ఈ రెండో అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదనే అనుకుంటారు. వీడియో తిప్పి చూస్తే ఆ రెండు నిశ్శబ్దాల్లోనూ మనందరం ఊపినట్టు తల పక్కకి ఊపుతూ ఉంది. అంటే "ఆ, సరే" అని. అది తన లెక్కలో జవాబే. తన వైపు నుంచి సంభాషణ చక్కగా నడుస్తోంది, ఎటొచ్చీ అందులో జర్మన్ లేదు. జర్మన్ వినిపించకపోతే మార్కు వేయడానికి ఎగ్జామినర్ దగ్గర ఏమీ ఉండదు. పైగా యూరప్ వాళ్లకి పక్కకి ఊపే తల "అవును" లాగా కూడా కనబడదు. "ఏమో, చూద్దాం" అన్నట్టుంటుంది.

ఆ వీడియో చూస్తూ తనే అంది: "కోవిడ్ టైమ్‌లో మాస్క్, పైన షీల్డ్, పీపీఈ కిట్ మేడమ్. మాట వినబడేది కాదు. కళ్లతో, తలతోనే పని నడిపేవాళ్లం." అలవాటుకి అదొక కారణం కావచ్చు. కానీ పెద్ద కారణం వేరే ఉందనిపించింది. పరీక్ష గదిలో ఇలా ఎందుకు కూర్చున్నావని అడిగితే, "వైవాలో ఇలాగే కదా" అంది.

నర్సింగ్ వైవా చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ ఇద్దరూ టేబుల్ అవతల. లోపలికి వెళ్లగానే విష్ చేయాలి, కూర్చోమంటేనే కూర్చోవాలి, చేతులు దగ్గరగా పెట్టుకోవాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి. ఎదురు ప్రశ్న వేస్తే పొగరు. కళ్లలోకి సూటిగా చూసినా కొందరికి అదే భావం. పక్కనున్న స్టూడెంట్ వైపు చూశావా, కాపీ కొట్టినట్టే. ఈ అమ్మాయి నాలుగేళ్లు ఆ మర్యాద నేర్చుకుని, బాగా పాసై వచ్చింది. ఇప్పుడు ఆ మర్యాదనే, పక్కవాళ్లతో మాట్లాడకపోతే మార్కులు పోయే పరీక్షలోకి తీసుకెళ్లింది. దీన్ని కాన్ఫిడెన్స్ లేకపోవడం అనను. ఈ గదిలో ఏ రూల్స్ నడుస్తాయో ఎవరూ తనకి చెప్పలేదు, అంతే.

ఈ ఊహ నిజమో కాదో తేల్చుకోవాలి కదా. డ్యూటీ హ్యాండోవర్ చేసి చూపించమన్నాను, తెలుగులోనే. నైట్ డ్యూటీకి వచ్చిన సిస్టర్‌కి ఒక పేషెంట్‌ని అప్పగిస్తున్నట్టు. తన ఫ్రెండ్ రెండో సిస్టర్. వీడియోలో ఉన్నది వేరే మనిషి! "ఫోర్త్ బెడ్ తాతయ్యకి బీపీ పొద్దున్నుంచి లోగా ఉంది అక్కా, నోరాడ్ పెట్టారు," అంటూ చెయ్యి గాల్లో ఇన్‌ఫ్యూజన్ పంప్ వైపు వెళ్లింది. చెప్పేటప్పుడు చూపు ఎటో ఉంది, వాక్యం ముగిసేసరికి ఫ్రెండ్ ముఖం మీదికి వచ్చింది. ఫ్రెండ్ "ఊఁ" అనేదాకా ఆగి, తర్వాతి మాట అందుకుంది. కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదని అప్పుడే తేలింది. ఉన్నదాన్ని ఆ గదిలోకి తీసుకెళ్లాలి.

చేసిన పని

మొదట కుర్చీ. కూర్చునేటప్పుడే కుర్చీని ఒకింత పార్ట్‌నర్ వైపు తిప్పుకోవడం. కొంచెమే, ఎగ్జామినర్‌కి వీపు చూపించేంత కాదు. నోట్స్ కాగితం తన ఒళ్లో కాకుండా టేబుల్ మీద, తనకీ పార్ట్‌నర్‌కీ మధ్యలో. కాగితం నుంచి కళ్లెత్తితే ఎదురుగా పార్ట్‌నర్ ముఖమే కనబడాలి. ఇలాంటి చిన్న ఏర్పాటు, "ఐ కాంటాక్ట్ పెట్టు" అని వందసార్లు చెప్పడం కంటే బాగా పనిచేస్తుందని నా అనుభవం. మొదటి భాగంలో ఎగ్జామినర్లు సంభాషణలో ఉండరు. వాళ్ల వైపు చూడకపోవడం అమర్యాద కాదు, అక్కడ అడిగే పనే అది.

రెండోది చూపు. ఇక్కడ చాలామంది ట్రైనర్లతో నాకు పేచీ ఉంది. మాట్లాడుతున్నంతసేపూ కళ్లలోకే చూడమంటారు. ఏ భాషలోనూ ఎవరూ అలా మాట్లాడరు. ఆడమ్ కెండన్ అనే పరిశోధకుడు 1967లోనే ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు చూపు ఎలా తిరుగుతుందో గమనించి రాశాడు. మాట మొదలుపెట్టేటప్పుడు మనిషి చూపు పక్కకి తిప్పుతాడు, ముగించేటప్పుడు ఎదుటివాళ్ల మీదికి తెస్తాడు. ఇక నీ వంతు అని చెప్పడం అది. కష్టమైన విషయం గుర్తుచేసుకునేటప్పుడు చూపు తిప్పుకోనిస్తే జ్ఞాపకం బాగా అందుతుందని 1998లో గ్లెన్‌బర్గ్ బృందం చేసిన ప్రయోగాల్లో కూడా తేలింది. పరాయి భాషలో ఆర్టికల్, క్రియ, వాక్యం చివర క్రియ ఇంకో ముక్క, అన్నీ వెతుక్కుంటున్న మనిషిని కళ్లలోకే చూస్తూ ఉండమంటే ఉన్న జర్మన్ కూడా పోతుంది.

కాబట్టి తనకి ఇచ్చింది ఒక్కటే సూచన: ఆలోచించేటప్పుడు చూపు ఎక్కడైనా ఉండనీ, చివరి మాటకి పార్ట్‌నర్ దగ్గరికి రావాలి. తెలుగు హ్యాండోవర్ వీడియోలో తను చేస్తున్నది ఇదేనని చూపించాను. తర్వాత అదే హ్యాండోవర్ జర్మన్‌లో చేయించాను. భాష తడబడింది కానీ చూపు తడబడలేదు. అక్కడి నుంచి టాస్క్ మార్చుకుంటూ పోయాం: పేషెంట్ అప్పగింత, వార్డులో బర్త్‌డే ప్లాన్, చివరికి పరీక్షలో వచ్చే మామూలు ప్లానింగ్ టాస్క్‌లు.

మూడోది చేతులు. మణికట్టు వదిలేసి టేబుల్ మీద పెట్టమనడం తప్ప ఏ సైగ ఎప్పుడు చేయాలో నేర్పలేదు. స్థలానికి, కదలికకి సంబంధించిన సంగతులు చెప్పేటప్పుడు చేతులు కదలనివ్వకపోతే మాట ధార దెబ్బతింటుందని 1996లో రౌషర్, క్రౌస్, చెన్ చేసిన ప్రయోగం ఒకటుంది. పుట్టు అంధులు సాటి అంధులతో మాట్లాడేటప్పుడు కూడా చేతులు ఆడిస్తారని 1998లో ఐవర్సన్, గోల్డిన్-మెడో చూపించారు. అంటే సైగ చూసేవాళ్ల కోసమే కాదు, మాట్లాడేవాళ్లకీ అవసరం. బస్ ఎక్కి ఎక్కడ దిగాలో చెప్తున్నప్పుడు తన కుడిచెయ్యి దానంతటదే లేచింది. వాక్యం కూడా ఆగకుండా వచ్చింది. ఆ క్లిప్ తనకి రెండుమూడుసార్లు చూపించాను.

ఎక్కువ సమయం పట్టింది నాలుగోదానికి: తల ఊపిన ప్రతిచోటా ఒక శబ్దం. తల ఊపడం మాన్పించాలని నేను ప్రయత్నించను. మానుకోమంటే మెడ బిగుస్తుంది, మెడతో పాటు నోరూ బిగుస్తుంది. ఊపుకోనీ, దానికి మాట జతచేస్తే చాలు. ఒప్పుకుంటే "గెనావ్", "ష్టిమ్ట్", "యా, దాస్ పాస్ట్". కొత్త సంగతి వింటే "ఆఖ్ సో". పార్ట్‌నర్ అభిప్రాయం కావాలంటే "వాస్ మైన్‌స్ట్ డు?" ఆలోచించడానికి టైమ్ కావాలంటే "మొమెంట్, ఇష్ యూబర్‌లేగె". అర్థం కాకపోతే "కాన్‌స్ట్ డు దాస్ బిట్టె వీడర్‌హోలెన్?" పట్టుమని పది మాటలు కూడా లేవు. ప్రాక్టీస్ మాత్రం విచిత్రంగా చేశాం. ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టి ప్లాన్ చేయమన్నాను. ముఖం కనబడదు, తల ఊపితే అవతలివాళ్లకి తెలియదు. మొదటి రోజు పార్ట్‌నర్ "హలో? ఉన్నావా?" అని తెలుగులో అరిచింది. నవ్వులే నవ్వులు. కానీ తల ఊపు ఎన్నిచోట్ల మాటని మింగేస్తోందో తనకి తెలిసొచ్చింది ఆ రోజే.

"ఆఖ్ సో" దగ్గర మాత్రం జాగ్రత్త. దాన్ని సాదాసీదాగా, స్వరం లేకుండా అంటే "ఓహో, అలాగా" అని దెప్పినట్టుంటుంది. జర్మన్‌లో "సో" మీద స్వరం లేవాలి. ఈ అమ్మాయి తొలిరోజుల్లో ప్రతి వాక్యానికీ దాన్ని తగిలించి పార్ట్‌నర్‌కి చిరాకు తెప్పించింది కూడా.

ఐదోది ఎగ్జామినర్ ముఖం. శిక్షణ పొందిన ఎగ్జామినర్ కావాలనే ముఖంలో ఏమీ కనబడనివ్వడు. బాగుందని తల ఊపితే ఒక అభ్యర్థికి ఊతమిచ్చినట్టు, ఇంకొకరికి అన్యాయం చేసినట్టు అవుతుంది. రాసుకోవడం అతని పని, అందులో తప్పులే రాస్తాడని లేదు. టైమ్ అయిపోతే మధ్యలో ఆపేస్తాడు. ఐఎల్టీఎస్‌లోనూ రెండు నిమిషాల టాపిక్‌ని వాక్యం మధ్యలో కోసేస్తారు, దానికి మార్కులు పోవు. ఇదంతా చెప్పడం తేలికే, ఒంటికి పట్టించడమే కష్టం. తెలిసిన రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన్ని పిలిచాను, జర్మన్ ముక్క రాదు ఆయనకి. చేయాల్సింది ఒక్కటే: ముఖం కదపకుండా కూర్చుని, మధ్యమధ్యలో ఏదో ఒకటి రాస్తూ ఉండటం. ఈ అమ్మాయి ఐదు స్లైడ్‌ల ప్రెజెంటేషన్ ఆయన ముందు ఇచ్చింది. ఆయన పెన్ను తీయగానే ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. అయిపోయాక ఆయన కాగితం చూపించారు. ఆ వారం కొనాల్సిన కూరగాయల పద్దు అది. తర్వాతి సెషన్లలో ఎవరు పెన్ను తీసినా తన ముఖంలో సన్నగా నవ్వొచ్చేది, మాట ఆగేది కాదు.

ఇక చేయనివి. అద్దం ముందు ప్రాక్టీస్ చేయించలేదు. దానివల్ల చూపు తన మీదే ఉంటుంది, పార్ట్‌నర్ మీద కాదు. తన బ్యాచ్‌లో ఎవరో పరీక్షకి ముందు బాత్‌రూమ్‌లో నడుం మీద చేతులు పెట్టుకుని ధీమాగా నిలబడితే హార్మోన్లు మారి ధైర్యం వస్తుందని చెప్పారట. ఆ మాట 2010లో వచ్చిన ఒక చిన్న పరిశోధనది. 2015లో ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్ల మార్పు ఏదీ కనబడలేదు. నిలబడాలనిపిస్తే నిలబడమన్నాను, నష్టం లేదు. కానీ ఆ కాస్త సమయం పార్ట్‌నర్‌తో రెండు మాటలు మాట్లాడితే ఎక్కువ లాభం. పరీక్షలో పార్ట్‌నర్ ఎవరో ప్రాక్టీస్ చేసేటప్పుడు తెలియదు. ఒకోసారి మనకి సందు ఇవ్వకుండా మాట్లాడేవాళ్లు తగులుతారు. దానికోసం గట్టిగా మాట్లాడే అబ్బాయితో కూడా కూర్చోబెట్టాను. చెయ్యి కొంచెం ఎత్తి "డార్ఫ్ ఇష్ కుర్ట్స్ వాస్ జాగెన్?" (ఒక మాట చెప్పొచ్చా?) అనడం అక్కడే అలవాటైంది. ఒట్టి చెయ్యి ఎత్తితే అతను గమనించలేదు, ఒట్టి మాట అంటే అతని గొంతులో కలిసిపోయింది. రెండూ కలిస్తేనే ఆగాడు.

ఫలితం

రెండోసారి స్పీకింగ్ మాడ్యూల్ పాసైంది. 60 మీద సౌకర్యంగానే వచ్చాయి. ఇదంతా ఈ పనివల్లే అని నేను చెప్పను. మధ్యలో రోజూ జర్మన్ మాట్లాడింది, రెండోసారి కాబట్టి గది కూడా కొత్త కాదు. పరీక్షనాటి వీడియో మన చేతికి రాదు. దానికి ముందు తీసిన చివరి మాక్‌ని బోర్లా పెట్టి వింటే మాత్రం పార్ట్‌నర్ ప్రశ్న తర్వాత ఖాళీలు లేవు. తేడా నాకు అక్కడ కనబడింది. బయటికొచ్చి ఫోన్ చేసి చెప్పిన సంగతి ఇంకొకటుంది. ఎగ్జామినర్ రెండో భాగంలో చాలాసేపు రాస్తూనే ఉన్నాడట. "కూరగాయలే అనుకున్నాను మేడమ్," అంది.

సరికానివీ ఉన్నాయి. ప్రెజెంటేషన్‌లో ఐదో స్లైడ్ దగ్గరికొచ్చేసరికి ఇంకా పరుగెడుతుంది. టైమ్ చాలదేమోనన్న భయం. ముగింపు, థాంక్స్ ఒకే ఊపిరిలో కలిపేస్తుంది, దాంతో పార్ట్‌నర్‌కి ఇది అయిపోయిందా లేదా తెలియదు. వాక్యం చివర స్వరం దించడం మీద ఇప్పటికీ పని జరుగుతోంది.

బీ2లో వచ్చే చిక్కు వేరు. అక్కడ రెండో భాగం ఇద్దరి మధ్య చర్చ, కాదనాల్సి వస్తుంది. ఈ అమ్మాయి కాదనేటప్పుడు నవ్వుతుంది. మన దగ్గర అది ఎదుటి మనిషి నొచ్చుకోకుండా అనే పద్ధతి. ఎదుటివాళ్లకి మాత్రం నవ్వుతూ "దా బిన్ ఇష్ ఆండరర్ మైనుంగ్" (నా అభిప్రాయం వేరు) అంటుంటే ఒప్పుకుంటోందో, కాదంటోందో తేలడం లేదు. నవ్వు తీసేయమని చెప్పబోవడం లేదు. కాదన్న వెంటనే "వైల్" (ఎందుకంటే) అని కారణం జోడించే ప్రాక్టీస్ మొదలుపెట్టాం. కారణం వినబడితే నవ్వున్నా లేకపోయినా సంగతి అర్థమవుతుంది. ప్రస్తుతానికి నైట్ డ్యూటీలు మార్చుకునే గొడవ మీద చర్చలు పెడుతున్నాం. ఆ టాపిక్‌లో కాదనడానికి తనకి కారణాల కొరత లేదు.